పరీక్షకు రాని ప్రశ్న



"సార్, ఇది పరీక్షకొస్తదా?" మన తరగతి గదుల్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడే ప్రశ్న ఇదే. "రాదు" అని జవాబు వస్తే చాలు, పెన్నులకు మూతలు పడతాయి. నేనూ అడిగినవాణ్ణే. ఫస్టియర్లో ఒక సిద్ధాంతానికి ఉపపత్తి చెప్పమని అడిగితే "గైడులో ఉంది, బట్టీ పట్టు" అన్నారు. పట్టిన. మార్కులూ వచ్చినయి. ఆ సిద్ధాంతం ఎందుకు నిజమో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఈ సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వకుండా చేసినది కొసరాజు సాంబశివరావు గారి కృషి. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టారు. మన కామారెడ్డి లాగే అదీ చెరకు పండే సీమ. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో పై చదువు, 1969లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు. తర్వాత జాన్స్ హాప్కిన్స్‌లో ఆచార్యులు. ఆయన పని తర్కానికీ కంప్యూటరు సిద్ధాంతానికీ సంబంధించినది. దానికి కావలసింది సుద్దముక్క, నల్లబల్ల, ఓపిక.

కామారెడ్డి బస్టాండులో నిలబడి చూడండి. ఊళ్లన్నీ చుక్కలు, బస్సులన్నీ బాణాలు అనుకోండి. ఇక్కడి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి పోవచ్చు, మళ్లీ రావచ్చు. కనుక ఆ మూడూ ఒక గుంపు. పోవడానికి బస్సు ఉండి, ఏ దారినా తిరిగి రావడానికి బస్సు లేని పల్లె ఆ గుంపులో చేరదు. వేల ఊళ్లుంటే ఈ గుంపులను తేల్చేదెట్లా? రెండేసి ఊళ్లు తీసుకుని చూస్తూ పోతే తెల్లారిపోతుంది. 1972లో టార్జాన్ అనే ఆయన ఒక వేగమైన మార్గం చూపారు. 1978లో కొసరాజు గారు చెప్పినది ఇంకా సులువు. ఒకసారి బాణాల వెంట అన్ని ఊళ్లూ తిరగండి. ఏ ఊరి పని ఎప్పుడు పూర్తయిందో వరుసగా రాసుకోండి. ఇప్పుడు బాణాలన్నిటినీ వెనక్కి తిప్పండి. ఆఖరున పూర్తయిన ఊరితో మొదలుపెట్టి మళ్లీ తిరగండి. ఒక్కో విడత చేరగలిగిన కొత్త ఊళ్లన్నీ కలిపి ఒక్కో గుంపు. అంతే!

విచిత్రమేమంటే దీన్ని ఆయన అచ్చు వేయించనే లేదు. మీఖా షరీర్ అనే పండితుడు స్వతంత్రంగా కనుక్కుని 1981లో ప్రచురించారు. అయినా పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు ఇద్దరి పేర్లూ చెప్పారు. మన దగ్గరైతే రికార్డు బుక్కులో సంతకం పడకపోతే ప్రాక్టికల్ చేయనట్టే లెక్క!

ఇంకొకటి మరీ లోతైనది. బెల్లం మార్కెట్లో ఒక వ్యాపారి ఉన్నాడు. ఆయన చేయదగిన బేరాలు కొన్నే. రెండు ముద్దల బెల్లం ఇస్తే ఒక బస్తా వడ్లు, ఒక బస్తా వడ్లూ ఒక డబ్బా నూనే ఇస్తే ఐదు ముద్దల బెల్లం, ఇట్లా. అప్పు లేదు. ఏ సరుకూ సున్నా కిందికి పోరాదు. ఇవాళ్టి నిల్వతో మొదలుపెట్టి సరిగ్గా ఫలానా నిల్వకు చేరగలడా? చేరగలిగితే, బేరాలు వరుసగా చేసి చూస్తే ఎప్పుడో ఒకప్పుడు తేలుతుంది. చేరలేకపోతే? ఎప్పుడు ఆపాలి? ఈ లెక్కను 1969లో కార్ప్, మిల్లర్ అనేవాళ్లు రూపొందించారు. తేల్చే పద్ధతి ఉందని 1981లో మైర్ నిరూపించారు. మరుసటి యేడే కొసరాజు గారు ఆ నిరూపణను సులభం చేశారు. దానికి పట్టే శ్రమ మన ఊహకందనంత వేగంగా పెరుగుతుందని 2021లో రెండు వేర్వేరు పరిశోధనలు తేల్చాయి. ఒక్క ప్రశ్నకు యాభై రెండేళ్లు!

"ఇదంతా తిండి పెడతదా?" అంటాడు మా రూమ్మేటు. న్యాయమైన ప్రశ్నే. మా ఇంట్లోనూ బోరు కోసం చేసిన అప్పుంది. అమీర్‌పేట కోచింగుకు పోయేవాణ్ణి చూసి నేను నవ్వను. కాని అక్కడ నేర్పేది నాలుగేళ్లకొకసారి మారిపోతుంది. 1978 నాటి ఆ రెండు చుట్ల పద్ధతిని ఈనాటికీ పాఠంగా చెబుతూనే ఉన్నారు. మూడేళ్లు లెక్కలు చదివి ఒక్క ఉపపత్తి కూడా సొంతంగా రాయకుండా డిగ్రీ తీసుకుంటే, మోసపోయేది ఎవరు?

అందుకే మన విద్యార్థి సంఘానికి నాదొక విన్నపం. శనివారం ఆఖరి పీరియడు మాకివ్వండి. మార్కులు వద్దు, హాజరు వద్దు. మొదటి వారం ఆర్టీసీ బస్సుల టైంటేబుల్ నేను తెస్తా, గుంపులు కలిసి తేలుద్దాం. ఎల్లారెడ్డి వైపు పోయే మిత్రులు ఆఖరి బస్సు టైము చూసుకుని రండి.