గోతి లెక్క

పొడవు, వెడల్పు, ఎత్తు గుణింపుమను సూత్రమును వల్లించినంతనే బాలురకు దీర్ఘఘనము బోధపడినదనుట పొరపాటు. ఖమ్మము దాటి భద్రాచలపు అడవుల నంటియున్న కోయపల్లెలలో ఇది పరీక్షకై నేర్చు లెక్క మాత్రమే కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింద త్రవ్విన మట్టిని ఘనమీటర్లలో కొలిచి కూలి కట్టిరి. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు గల గోతిలో 12 ఘనమీటర్ల మన్నుండును. లోతును 1 అని వ్రాసినచో సగము కష్టము మాయమగును! కావున ఉపాధ్యాయులు సమానమైన బంకమట్టి ఘనములను బాలురచేతనే చేయించి, అడుగున ఆరు పేర్పించి, వానిపై రెండవ వరుస నిలిపించి, పన్నెండును లెక్కింపజేయవలెను. తల్లి త్రవ్విన గోతిని బిడ్డ కొలువగలిగిన నాడే ఆ చదువు సార్థకమని మేము నమ్ముచున్నాము. కొలత యెరుగని కష్టము పరుల దయకు లోబడియుండును.