పానా చేసేవాళ్లున్నారు.. దాని డబ్బా డిజైన్ చేసేవాళ్లేరీ?

పానా, కటింగ్ ప్లేయర్, డ్రిల్లింగ్ మెషిన్, గ్రైండర్.. వెల్డింగ్ షాపులోనో, మోటార్ మెకానిక్ దగ్గరో మనకు రోజూ కనిపించేవే. వీటి చుట్టూ ప్రపంచంలో ఏటా సుమారు 100 బిలియన్ డాలర్ల వ్యాపారం నడుస్తోందని మీకు తెలుసా? 2025 ఏప్రిల్‌లో నీతి ఆయోగ్ ఈ రంగం మీద ఒక రిపోర్టు విడుదల చేసింది. ప్రపంచ ఎగుమతుల్లో చేతి పనిముట్లలో సగం వరకు, పవర్ టూల్స్‌లో దాదాపు 40 శాతం చైనావే. మన వాటా చేతి పనిముట్లలో 1.8 శాతం, పవర్ టూల్స్‌లో 0.7 శాతం. పదేళ్లలో 25 బిలియన్ డాలర్ల ఎగుమతులకు చేరితే సుమారు 35 లక్షల ఉద్యోగాలు వస్తాయని ఆ రిపోర్టు అంచనా.

చైనాతో పోలిస్తే మనకు తయారీ ఖర్చు 14 నుంచి 17 శాతం ఎక్కువ పడుతోందని కూడా అందులోనే ఉంది. స్టీలు ధర, రవాణా, వడ్డీ లాంటివి దీనికి కారణాలు. మంచి డబ్బా డిజైన్ చేసినంత మాత్రాన ఈ తేడా పూడిపోదు. మరి ప్యాకేజింగ్ గురించి ఎందుకు మాట్లాడుకోవాలి? ఎందుకంటే ఉద్యోగాల లెక్కలు వేసేటప్పుడు అందరూ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతున్నారు. గేటు దాటిన వస్తువు షాపు రాక్ ఎక్కి, కొనేవాడి చేతిలో పడేదాకా ఉన్న పని ఎవరిది? అది నేర్చుకున్నవాళ్లు మన వైపు చాలా తక్కువ. నేను నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివితే ప్యాకేజింగ్ అనే మాట ఒక్క సిలబస్‌లోనూ కనిపించలేదు.

మిల్లుకు అమ్మడం వేరు, మనిషికి అమ్మడం వేరు

ఒక కంపెనీ 500 స్పానర్లు ఇంకో ఫ్యాక్టరీకి సప్లై చేస్తే ఏం చేస్తుంది? నూనె రాసి, పాలిథిన్‌లో చుట్టి, ఐదు పొరల అట్టపెట్టెలో వేసి పంపేస్తుంది. అక్కడ కొనే ఇంజినీర్‌కు సైజు తెలుసు, గ్రేడ్ తెలుసు. అదే స్పానర్ నాగర్‌కర్నూల్‌లోనో, అచ్చంపేటలోనో హార్డ్‌వేర్ షాపుకి వచ్చిందంటే కథ మారిపోతుంది. కొనేవాడు రైతు కావచ్చు, ప్లంబర్ కావచ్చు, కొత్తగా పని నేర్చుకుంటున్న ఐటీఐ కుర్రాడు కావచ్చు. ఇది ఏ సైజు, దేనికి వాడాలి, ఎలా వాడకూడదు.. ఈ మూడూ అతనికి డబ్బానే చెప్పాలి.

అందుకే రిటైల్ ప్యాకింగ్‌లో రకాలు పుట్టాయి. అట్ట మీద ప్లాస్టిక్ బుడగను వేడితో అతికించి, వస్తువు బయటికి కనిపించేలా చేస్తే అది బ్లిస్టర్ ప్యాక్. డ్రిల్ బిట్లు, టెస్టర్లు ఎక్కువగా ఇందులోనే వస్తాయి. వస్తువు కనిపిస్తుంది, పోదు. కానీ చేత్తో పట్టుకుని చూడలేం. ప్లేయర్ కొనే మెకానిక్ ముందు పిడి పట్టుకుని చూస్తాడు. కాబట్టి పిడి బయటికి వదిలేసి, మూతి దగ్గర మాత్రం కార్డు తొడిగి, ట్యాగ్ బిగిస్తారు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ కొనేవాడు ఏం చేస్తాడో గమనించినవాడికే ఇలాంటి ఆలోచన తడుతుంది.

ఇంకోటి తుప్పు. వానాకాలంలో గోడౌన్‌లో రెండు నెలలు పడున్న ఇనుప సామాను ఎలా అవుతుందో మీకు చెప్పక్కర్లేదు. దీనికి వీసీఐ పేపర్ అని ఒకటి వాడతారు. అందులోని రసాయనం మెల్లగా ఆవిరై, లోహం మీద కంటికి కనబడనంత పలచని పొరలా పరుచుకుంటుంది. తేమ నేరుగా ఇనుముకు తగలకుండా ఆపుతుంది. కెమిస్ట్రీ చదివినవాళ్లకూ ఇక్కడ పనుందన్నమాట.

నాగర్‌కర్నూల్ రాక్ చూసి డిజైన్ చేయాలి

పెద్ద నగరంలోని సూపర్ స్టోర్‌లో వస్తువులు హుక్కులకు వరుసగా, లైట్ల కింద వేలాడతాయి. మన టౌన్లలో అలా ఉండదు. మీ ఊరి షాపునే గుర్తు తెచ్చుకోండి. డబ్బాలు ఒకదాని మీద ఒకటి కప్పుదాకా పేర్చి ఉంటాయి. బయటికి కనిపించేది డబ్బా ముఖం కాదు, పక్క భాగం. ఖర్చు పెట్టి ముందు వైపు బొమ్మ వేస్తారు. షాపాయన వెతికే సైజు, కెపాసిటీ మాత్రం పక్కన చిన్న అక్షరాల్లో ఉంటాయి. హార్స్‌పవర్ ఎంతో తెలియక స్టార్టర్ డబ్బాలు నాలుగు దించి మళ్లీ ఎక్కించే సీన్ మనందరికీ తెలిసిందే. సైజును పక్క భాగంలో పెద్దగా వేసి, ఒక్కో కెపాసిటీకి ఒక్కో రంగు పట్టీ ఇస్తే చాలు. పైసా ఎక్కువ ఖర్చు కాదు.

రోడ్డు దుమ్ము, తక్కువ వెలుతురు, మేకుకు తగిలించే అలవాటు.. ఇవన్నీ డిజైన్‌లో లెక్కలోకి రావాలి. రాణిగంజ్ నుంచి పార్సిల్‌లో వచ్చే సరుకు ఎన్నిసార్లు ఎక్కించి, ఎన్నిసార్లు దించి, ఎన్నిసార్లు పడేస్తారో కూడా రావాలి. నింపిన పెట్టె ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో పరీక్షించడానికి ఐఎస్ 7028 అనే భారతీయ ప్రమాణాల సిరీసే ఉంది. పెట్టెను పడేసి చూడటం, ఊపి చూడటం, బరువు పేర్చి చూడటం లాంటి పరీక్షలు అందులో ఉంటాయి.

డబ్బా మీద తెలుగు ఏదీ?

అసలు సమస్య ఇక్కడుంది. పురుగుమందు డబ్బా ఒకటి తీసుకుని చూడండి. విషం తీవ్రతను బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగు గుర్తుల్లో ఒకటి ఉంటుంది. లోపలి కరపత్రంలో ప్రాంతీయ భాష కూడా ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. చదువు రాని రైతు కూడా ఎర్ర గుర్తు చూస్తే జాగ్రత్త పడతాడు.

మరి గ్రైండర్‌కు వేసే కటింగ్ వీల్ సంగతి? దాని మీద గరిష్ఠ వేగం రాసి ఉంటుంది. సెకనుకు 80 మీటర్ల అంచు వేగానికి తయారైన 7 అంగుళాల వీల్ నిమిషానికి దాదాపు 8,500 చుట్లకు మించి తిరగకూడదు. 4 అంగుళాల గ్రైండర్ మాత్రం సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. పెద్ద వీల్ వేస్తే లోతుగా తెగుతుందని కొందరు గార్డు తీసేసి, వాషర్ వేసి చిన్న మెషిన్‌కు బిగిస్తారు. వేగం 1.3 రెట్లయితే వీల్ మీద ఒత్తిడి దాదాపు 1.7 రెట్లవుతుంది. ముక్కలై ఎగిరితే కళ్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. రెజిన్‌తో చేసిన ఈ వీల్స్‌కు ఎక్స్‌పైరీ కూడా ఉంటుంది. మధ్యలోని ఇనుప రింగు మీద చిన్నగా ముద్ర వేస్తారు. దాన్ని ఎంతమంది చూస్తారు?

పాలమూరు నుంచి కట్టడాల పనికి హైదరాబాద్, ముంబై, పుణె వెళ్లేవాళ్ల చేతుల్లో ఉండేవి ఈ పనిముట్లే. వాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ రాదు. తూకాలు, కొలతల శాఖ అమలు చేసే 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం తప్పనిసరి వివరాలు హిందీలోగానీ ఇంగ్లిష్‌లోగానీ ఉంటే చాలు. వేరే భాష అదనంగా వేయొద్దని మాత్రం ఎక్కడా లేదు. అంటే తెలుగు వేయడానికి చట్టం అడ్డం కాదు. అడిగేవాళ్లు లేరు, చేసిపెట్టేవాళ్లు లేరు, అంతే. నాలుగు బొమ్మలు, నాలుగు తెలుగు మాటలు చాలు. ‘గార్డు తీయొద్దు’, ‘కళ్లద్దాలు పెట్టుకోండి’, ‘ఈ మెషిన్‌కే వాడండి’, ‘ఈ తేదీ దాటితే వాడొద్దు’.

చట్టం తెలిసిన డిజైనర్‌కే విలువ

కంప్యూటర్‌లో అందంగా బొమ్మ గీసేవాళ్లు బోలెడుమంది. ప్యాకేజింగ్‌లో అది సగం పనే. రిటైల్ ప్యాక్ మీద తయారీదారు లేదా ప్యాకర్ పేరు, చిరునామా ఉండాలి. వస్తువు పేరు, ఎన్ని ఉన్నాయో లెక్క, నెల, సంవత్సరం, అన్ని పన్నులు కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదు చేయడానికి వివరాలు ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో చెప్పాలి. అక్షరాల ఎత్తు ఎంతుండాలో కూడా రూల్స్‌లో ఉంది. నేరుగా ఫ్యాక్టరీల వాడకానికి అమ్మే సరుకుకు ఈ అధ్యాయం వర్తించదు. అందుకే ఇన్నాళ్లూ ఫ్యాక్టరీలకే అమ్మిన చిన్న యూనిట్ షాపుల్లోకి దిగాలనుకున్నప్పుడు మొదట తడబడేది ఇక్కడే. ఆ యూనిట్‌కు మీరు దారి చూపించగలిగితే అదే మీ మొదటి ప్రాజెక్ట్.

ఇంకో మాట. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మీ దగ్గరికొచ్చి ‘ఫలానా బ్రాండ్ డబ్బాలాగే, అదే రంగు, ఒక్క అక్షరం మార్చి చేసివ్వు తమ్ముడూ’ అంటారు. ఒప్పుకోవద్దు. ట్రేడ్‌మార్క్స్ చట్టం-1999 ప్రకారం బ్రాండ్‌కు నకిలీ చేస్తే 6 నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ నకిలీ డబ్బాలోని వీల్ పగిలితే గాయపడేది మన ఊరి వెల్డరే.

కొలిమి దగ్గరా పనుంది

అన్నీ జలంధర్, లుధియానా నుంచే రావాలా? గొడ్డలి, కొడవలి, గడ్డపార, పార చేసే కమ్మరులు మన ఊళ్లలోనూ ఉన్నారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి పని ఉంది, సుత్తి, పనిముట్ల తయారీ కూడా ఉంది. 15 వేల రూపాయల టూల్‌కిట్ సాయంతో పాటు బ్రాండింగ్, ఆన్‌లైన్ అమ్మకాలకు సాయం చేస్తామని పథకం చెబుతోంది. అయితే గోనెసంచిలో చుట్టిన కొడవలిని ఆన్‌లైన్‌లో అమ్మలేం. పదునుకు తొడుగు కావాలి, తుప్పు పట్టకూడదు, పార్సిల్ విప్పేవాడి చెయ్యి తెగకూడదు. అంగడిలో అమ్మే కొడవలికీ ఆన్‌లైన్‌లో అమ్మే కొడవలికీ మధ్య ఉన్నది ఒక మంచి తొడుగు, ఒక లేబుల్.

ఎక్కడ నేర్చుకోవాలి?

1966లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. డిజైన్ వైపు వెళ్లాలంటే ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఐఐటీల్లో ఎం.డిజైన్‌కు సీడ్ పరీక్ష రాయాలి. ఎన్‌ఐడీలకు వేరే పరీక్ష ఉంటుంది. నమూనాలు తయారుచేసుకోవడానికి 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ రాయదుర్గంలో ఉంది. సొంతంగా ప్యాకింగ్ యూనిట్ పెట్టాలనుకుంటే పీఎంఈజీపీ కింద తయారీ రంగంలో 50 లక్షల దాకా ప్రాజెక్టుకు, వర్గాన్నీ ప్రాంతాన్నీ బట్టి 15 నుంచి 35 శాతం సబ్సిడీ ఉంది. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

ఐటీలో వచ్చే మొదటి జీతంతో దీన్ని పోల్చుకుని దిగితే నిరాశ పడతారు. పని చిన్న చిన్న ఆర్డర్లతో మొదలవుతుంది, పేరు మెల్లగా వస్తుంది. కాబట్టి ఉన్న చదువో ఉద్యోగమో మానేసి రమ్మనట్లేదు. రెండు ఆదివారాలు కేటాయించండి చాలు. మీకు తెలిసిన ఒక పనిముట్టు డబ్బా తీసుకుని, విప్పి పరిచి, మడతలు కొలిచి మళ్లీ గీయండి. తెలుగులో సూచనలు రాయండి. తెల్ల అట్టతో నమూనా చేసి, నడుము ఎత్తు నుంచి పది సార్లు పడేయండి. తర్వాత దాన్ని ఇంగ్లిష్ రాని ఐదుగురు మెకానిక్‌లకు చూపించి ‘ఇది దేనికి, ఏం చేయకూడదు?’ అని అడగండి. ఐదుగురూ సరిగ్గా చెప్తే దాన్ని ఫొటోలు తీసి, తయారీదారుకు ఒక మెయిల్ పెట్టండి. మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే.