పద్యం వచ్చు, పట్టా లేదు

పద్యనాటకంలో ఆడవేషం చాలాకాలం మగవాళ్ళదే. సత్యభామగా, చింతామణిగా మెప్పించిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఎన్నో ఏళ్ళుగా సురభి స్త్రీలు తమ పాత్రలు తామే వేసుకుంటున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజంలో ఆడపిల్ల మాటలతోపాటే పద్యమూ నేర్చుకుంటుంది. హార్మోనియం శ్రుతికి గొంతు కలపడం, రాగం తీయడం, ‘వన్స్ మోర్’ అంటే మళ్ళీ పాడడం, అంతా పనిలోనే.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల్లో పీజీ ఉంది. కానీ చేరాలంటే డిగ్రీ కావాలి. నాటకం వెంట ఊరూరా తిరిగి, బడి మధ్యలో మానేసిన పిల్ల ఏం కావాలి?

15 ఏళ్ళ వృత్తి అనుభవం ఉంటే డిగ్రీలు తప్పనిసరి కాదు, ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా తీసుకోవచ్చని 2022లో యూజీసీ చెప్పింది. పాఠం చెప్పడానికి అక్కర్లేని పట్టా నేర్చుకోవడానికి ఎందుకు?

ఆమెకు పాట నేర్పక్కర్లేదు. దర్శకత్వం, లైటింగ్, నాటక రచన, ఒప్పందాలు, లెక్కలు నేర్పాలి. సమాజంలో నిర్ణయాలు జరిగేది అక్కడే. అవి చేతిలో లేనంతకాలం ఆమె వేషం కట్టే మనిషిగానే మిగిలిపోతుంది.

కొన్ని పీజీ సీట్లు అనుభవాన్ని చూసి, పాడించి, ఆడించి ఇవ్వాలి. పసిబిడ్డల తల్లులకు హాస్టల్లో చోటుండాలి. ఈ డిమాండును మన సంఘాలు భుజానికెత్తుకోవాలి.