ఓటీపీ చెప్పినోడిదే తప్పా?

ప్రతి బ్యాంకు గోడ మీదా ఒక కాగితం అంటించి ఉంటుంది: ‘మీ ఓటీపీని ఎవరికీ చెప్పకండి.’ దాన్ని అంటించిన రోజుతోనే తమ బాధ్యత తీరిపోయిందని బ్యాంకర్లు అనుకుంటున్నారు. ఖాతాలో డబ్బు పోయిందని పరుగెత్తుకొచ్చిన రైతుకు ఆ కాగితమే చూపిస్తారు. ‘చెప్పొద్దని రాసినాం కదా, ఎందుకు చెప్పినావు?’ కౌంటర్ దగ్గర పదిమంది ముందు ఆ మాట పడినాక రైతు పోలీస్ స్టేషన్‌కు ఏం పోతాడు? ఇంట్లో భార్యాబిడ్డలకు కూడా చెప్పుకోలేడు. దొంగకు కావాల్సింది సరిగ్గా ఇదే.

అసలు ఆ ఫోన్‌ను రైతు ఎందుకు నమ్ముతున్నాడు? తెలివి లేక కాదు. బ్యాంకు మాట్లాడే తీరు, దొంగ మాట్లాడే తీరు ఒకేలా ఉన్నాయి గనుక. ‘ఈకేవైసీ కాకపోతే డబ్బు పడదు’ అనేది ప్రభుత్వం చెప్పే మాటే. ‘ఆధార్ లింక్ కాలేదు, ఖాతా ఆగిపోయింది’ అనేది బ్యాంకు మాటే. ‘ఈ నెలాఖరుకు రెన్యువల్ చేసుకోకపోతే వడ్డీ రాయితీ పోతుంది’ అని ఏటా వింటూనే ఉన్నాం. బెదిరించి, తొందరపెట్టి పని చేయించుకోవడం ఈ వ్యవస్థే మనకు అలవాటు చేసింది. దొంగ ఆ అలవాటు మీద బతుకుతున్నాడు.

దీనికి విలీనాలు తోడయ్యాయి. మన జిల్లాలో శ్రీ అనంత గ్రామీణ బ్యాంకులో ఖాతా తెరిచిన రైతు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు ఖాతాదారుడయ్యాడు. 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఖాతాదారుడు. సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరాలో, ఆంధ్రా బ్యాంకు అదే రోజున యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. ఇవన్నీ ఢిల్లీలో తీసుకున్న నిర్ణయాలు. మన పాసుపుస్తకం మీద పేరు మారింది, ఐఎఫ్ఎస్‌సీ మారింది. ఇక ఎవడో ఫోన్ చేసి ‘మీ బ్యాంకు మారింది, వివరాలు సరిచూడాలి’ అంటే అందులో అనుమానించేందుకు ఏముంది?

మన పేరు, ఊరు చెబుతున్నాడు కాబట్టి బ్యాంకువాడే అనుకోవద్దు. పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లో జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే లబ్ధిదారుల జాబితా ఎవరికైనా కనిపిస్తుంది. డబ్బు పడే రోజు కూడా రహస్యం కాదు. 2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ కింద 5,000, పీఎం కిసాన్ కింద 2,000 పడతాయని ముందే పేపర్లన్నీ రాశాయి. ఖాతాలో ఎప్పుడు డబ్బుంటుందో రైతుకు తెలిసినట్టే దొంగకూ తెలుసు.

మరి గుర్తుపట్టేది ఎట్లా? ఒక మాట చాలు. ‘సరే సార్, రేపు బ్రాంచికి వచ్చి చేయించుకుంటా’ అనండి. నిజంగా బ్రాంచి మనిషైతే ‘పాసుపుస్తకం తీసుకుని రాండి’ అంటాడు. దొంగ ఒప్పుకోడు. సాయంత్రానికి ఖాతా బ్లాక్ అవుతుందంటాడు, మేనేజర్ సెలవులో ఉన్నాడంటాడు, ఫోన్ మాత్రం పెట్టేయనివ్వడు. మనకు డబ్బు వేస్తానని చెబుతూ పిన్ కొట్టమనేవాడు కచ్చితంగా దొంగే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి.

ఇప్పుడు ఓటీపీ అడగని దొంగలూ వచ్చారు. గోడమీది కాగితం ఇక్కడే పనికిరాకుండా పోయింది. పీఎం కిసాన్ పేరుతోనో, బ్యాంకు పేరుతోనో వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపుతారు. దాని పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటుంది. దాన్ని నొక్కి, అడిగిన వాటికల్లా సరే అంటే ఫోన్‌కు వచ్చే మెసేజీలన్నీ దొంగ చదువుకుంటాడు. రైతు ఎవరికీ ఏమీ చెప్పకుండానే ఖాతా ఖాళీ అవుతుంది. ఆ రైతును కూడా కౌంటర్ దగ్గర ‘నువ్వే చెప్పింటావు’ అంటే ఏం న్యాయం?

2017 జూలై 6 నాటి ఆదేశాల్లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది వేరు. తప్పు ఖాతాదారుదే అని రుజువు చేయాల్సిన భారం బ్యాంకుది, రైతుది కాదు. తన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి మోసంతో డబ్బు పోయినప్పుడు, సమాచారం అందిన మూడు పని దినాల్లోపల బ్యాంకుకు తెలిపితే ఖాతాదారుకు నష్టమే ఉండకూడదు. ఫిర్యాదు అందిన పది పని దినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి. రైతే పొరపాటున ఓటీపీ చెప్పి ఉంటే ఫిర్యాదు చేసేదాకా పోయింది అతనిదే. ఫిర్యాదు చేశాక పోయిన ప్రతి రూపాయీ బ్యాంకుదే. ఈ నిబంధనలను ఏ గోడమీదైనా చూశారా?

అందుకే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు దొంగ చేతిలో పడకముందే మధ్య ఖాతాల్లో ఆపే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. తర్వాత బ్రాంచికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాట లెక్కలోకి రాదు. ముద్ర వేయమంటే సంఘం కార్యకర్తను వెంట తీసుకుపోండి. ముప్పై రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

బ్రాంచి సిబ్బందిని తిట్టడం మా ఉద్దేశం కాదు. పంట రుణాల రెన్యువల్ రోజుల్లో ఇద్దరు ముగ్గురు మనుషులు ఎంత క్యూను నెట్టుకొస్తారో మనకు తెలుసు. మనుషుల్ని తగ్గించి అంతా ఫోన్‌లోనే చేసుకోమన్న పై అధికారులనే అడుగుతున్నాం. బ్యాంకులు సేవల కాల్స్‌ను 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలని 2025 జనవరిలో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అప్పు వసూలుకు మాత్రం ఇప్పటికీ ఎవరెవరి సొంత సెల్ నుంచో ఫోన్లు వస్తున్నాయి. అట్లాంటప్పుడు ఏ నంబర్ నమ్మాలో రైతుకు ఎట్లా తెలుస్తుంది?

జిల్లా బ్యాంకర్ల సమావేశంలో రుణ లక్ష్యాల అంకెలు చదువుతారు. ఈసారి ఇంకో అంకె కూడా చదవమని కలెక్టర్‌కు అర్జీ ఇవ్వాలి: ఈ ఏడాది సైబర్ మోసాల ఫిర్యాదులు బ్రాంచివారీగా ఎన్ని వచ్చాయి, పది పని దినాల్లో ఎంతమందికి డబ్బు జమ చేశారు? దాంతోపాటు 2017 ఆదేశాలను తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఆ ఓటీపీ కాగితం పక్కనే అంటించాలి. మీ మండలంలో ఫిర్యాదు చేసీ డబ్బు రాని రైతులుంటే ముద్ర వేసిన నకళ్లు మండల కమిటీకి ఇవ్వండి. అర్జీకి వాటిని జతచేస్తాం.