ఏటి ఒడ్డున పెద్ద పొయ్యి

మెట్ట ముచ్చట

మా జి.కొండూరు పిల్లలకు దిక్కులు నేర్పాల్సిన పనిలేదు. రాత్రిపూట డాబా ఎక్కితే దూరంగా పొగగొట్టాల మీద ఎర్రదీపాలు కనిపిస్తాయి. అటు కృష్ణ, అటు బెజవాడ. ఇక మిగిలిన దిక్కులు వాటంతటవే తెలిసిపోతాయి.

కాగితాల మీద దాని పేరు డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ పవర్ స్టేషన్. ఊళ్లలో అంత పేరు పెట్టి పిలిచే ఓపిక ఎవరికుంది? ‘థర్మల్’ అంటే చాలు. ‘మా వాడు థర్మల్లో చేస్తున్నాడు’ అన్న ఒక్క మాటతో సంబంధాలు కుదిరిపోయిన రోజులు నేనెరుగుదును.

పాత కట్టడం అనగానే మనవాళ్ల చెయ్యి కొండపల్లి కోట వైపు లేస్తుంది. కోట కింద, ఏటి ఒడ్డున ఉన్న ఈ పొయ్యింటికీ ఒక చరిత్ర ఉందని ఎవరూ అనుకోరు. మొదటి యూనిట్ 1979 నవంబరులో వచ్చింది. మనవాళ్ల లెక్కలో చెప్పాలంటే దివిసీమ ఉప్పెన వచ్చిన రెండేళ్లకు. మరుసటి ఏడు రెండోది. 1989-90లో ఇంకో రెండు, 1994-95లో మరో రెండు. ఈ ఆరూ 210 మెగావాట్లవే. తర్వాత 500, ఈమధ్య 800 మెగావాట్లవి వచ్చాయి. దానికి పేరైన తాతారావు గారిది కవుతరం ఊరు. 1974 నుంచి 1988 దాకా విద్యుత్ బోర్డు ఛైర్మన్‌గా ఉన్నారు. సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు తమ్ముడాయన. అన్నగారి రాతలు పుస్తకాలయ్యాయి. తమ్ముడు నడిపించిన పనుల కథ మాత్రం పుస్తకంగా నా కంటబడలేదు.

అసలు ఆ పొయ్యి ఇక్కడే ఎందుకు పెట్టారు? మన దగ్గర బొగ్గు లేదు. సింగరేణి నుంచీ ఒడిశా తాల్చేరు నుంచీ రైళ్ల మీద రావాలి. కొత్తగూడెం, రామగుండంలో అయితే బొగ్గు పక్కనే పొయ్యి. ఇక్కడ అట్లా కాదు, నీళ్ల పక్కన పొయ్యి. బాయిలర్లో నీరు ఆవిరై, 500 డిగ్రీలు దాటిన వేడితో టర్బైన్‌ను నిమిషానికి 3,000 సార్లు తిప్పుతుంది. పని అయిపోయిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చాలంటే చల్లటి నీళ్లు కావాలి. కొంచెం కాదు. 210 మెగావాట్ల యూనిట్ ఒక్కదానికే గంటకు పాతిక వేల ఘనపు మీటర్ల పైచిలుకు. కరెంటు తయారుచేయడమంటే సగం పని చల్లార్చడమేనని దీన్ని చూస్తేనే తెలుస్తుంది.

కృష్ణేమో ఎండాకాలం ఇసుక మేటలు తేలే ఏరు. దాన్ని నమ్మి పొయ్యి పెట్టే ధైర్యం ఇచ్చింది బ్యారేజీ. కెప్టెన్ ఆర్ 1852-55లో కట్టించిన పాత ఆనకట్టకు దాదాపు వందేళ్లకు, 1952లో, గండిపడింది. 1957 డిసెంబరుకు ప్రకాశం బ్యారేజీ లేచింది. దాని వెనక 12 అడుగుల మట్టాన నీరు నిలబడుతుంది. డెల్టా పొలాల కోసం నిలిపిన ఆ నీళ్లలోనే థర్మల్ తన గొంతు తడుపుకుంటుంది. వర్షాలు ముఖం చాటేసిన ఏడు ఆ మట్టాన్ని అటు రైతూ, ఇటు ఇంజినీరూ ఇద్దరూ రోజూ చూసుకుంటారు. మా మెట్ట వాళ్లకు మాత్రం ఏరు పక్కనే ఉన్నా ఎత్తుకు ఎక్కదు. సాగర్ ఎడమ కాలువ చివరి నీళ్ల కోసమో, చెరువు నిండడం కోసమో ఎదురుచూపే. ఏటికి దగ్గరగా ఉండటం వేరు, నీటికి దగ్గరగా ఉండటం వేరు.

చల్లగా వెళ్లిన నీరు వెచ్చగా తిరిగొస్తుంది. చలికాలం పొద్దున్నే కూలింగ్ కెనాల్ గట్టున నిలబడి చూడండి. చుట్టూ గడ్డి మీద మంచు, కాలువ మీద మాత్రం అన్నం గిన్నె మూత తీసినట్టు ఆవిరి. అదే చుట్టుపక్కల మా వెలగలేరు లాకుల నుంచి వచ్చే బుడమేరు డైవర్షన్ కాలువ కూడా కృష్ణలో కలవాలి. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ పోటెత్తినప్పుడు ఆ కాలువ నీటిని ఏరు లోపలికి రానివ్వలేదు. కాలువ కట్ట మూడుచోట్ల తెగింది, బెజవాడ సింగ్‌నగర్ మునిగింది. ఏటి ఒడ్డున కట్టినవన్నీ ఒకదానికొకటి అడ్డమో ఆసరానో అవుతాయి. ఏ ఒక్కదాని చరిత్రా విడిగా రాయలేం.

బూడిద సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. బొగ్గు మండి పోయాక మిగిలే బూడిద చెరువులకు చెరువులు నింపింది. గాలి లేస్తే ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల జనం తలుపులు వేసుకుంటారు. ఆ బూడిదే ఇప్పుడు ఇటుకై లారీలెక్కి ఊళ్లకు వస్తోంది. చేతిలోకి తీసుకుంటే నున్నగా, అంచులు పదునుగా, ఎండలో ఎండిన బూడిద గుమ్మడికాయ రంగులో ఉంటుంది. కాల్చని ఇటుక. మట్టి ఇటుక ఖంగుమంటే ఇది టప్‌మంటుంది. మా వీధిలో కొత్త ఇళ్లన్నీ దీంతోనే. థర్మల్ కొంచెం కొంచెంగా మా గోడల్లోకి వచ్చి కూర్చుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2024 ఆగస్టు 5న పాల్వంచలో పాత కొత్తగూడెం థర్మల్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని మందుపెట్టి పడగొట్టారు. క్షణాల్లో పని అయిపోయింది. జనం ఫోన్లలో తీసుకున్నారు. అదే మిగిలిన చరిత్ర. లండన్‌లో థేమ్స్ ఒడ్డున 1981లో మూతపడ్డ బ్యాంక్‌సైడ్ పవర్ హౌస్ 2000లో కళా మ్యూజియమైంది. మనకు అంత హంగు అక్కర్లేదు, అంత డబ్బూ లేదు. మన మొదటి రెండు యూనిట్లకు నలభై అయిదేళ్లు దాటాయి. వాటికీ ఒకరోజు వస్తుంది. తుక్కు టెండరు పిలవకముందే ఒక్క టర్బైన్‌నూ, ఒక్క కంట్రోల్ రూమునూ ఉన్నచోటనే ఉంచేయమని నా కోరిక. అక్కడ పనిచేసిన మనుషులు చెప్పేది రాసి పెట్టమని రెండో కోరిక. రెండోది ఖర్చు లేనిది, ఆలస్యమైతే దొరకనిది.

మా వీధిలో రిటైరైన ఆపరేటర్ ఒకాయన ఉన్నాడు. ఈ మాటే ఆయనతో అన్నాను. ‘యూనిట్ ట్రిప్పయితే మాకు మీటరు చూస్తే తెలిసేది కాదురా, చెవికి తెలిసేది’ అన్నాడు. ‘ఆ మోత ఆగిపోయేది చూడు, కడుపులో దేవినట్టయ్యేది.’

కాసేపు ఊరుకున్నాడు.

‘కంట్రోల్ రూములో గోడ గడియారం ఒకటుండేది. రెండు నిమిషాలు ముందుకు నడిచేది. అది కూడా ఉంచుతారంటావా?’

— మెట్టవాసి