మన మాట ఎక్కడ నిలవాలి?

రెండేళ్ల కింద ఎర్రజొన్న విత్తే ముందు ఒక ఏజెంటు మా వాట్సాప్ గ్రూపులో క్వింటాలుకు ఇంత ఇస్తామని రేటు రాసి పెట్టాడు. నమ్మి విత్తనాలు తీసుకున్నాం. ఫిబ్రవరిలో పంట కల్లానికి వచ్చాక తక్కువ రేటు చెప్పాడు. గ్రూపు తెరిచి వెతికితే ఆ మాట ఉన్నచోట 'ఈ సందేశం తొలగించబడింది' అని ఒక్క గీత మిగిలింది. పెట్టినవాడు దాదాపు రెండు రోజుల లోపు తన మాటను అందరి ఫోన్లలోంచి తుడిచేసుకునే వీలు అందులో ఉంది. అతను అదే చేశాడు. మేము విత్తే పనిలో ఉండి చూడలేదు. స్క్రీన్‌షాట్ కూడా ఎవరి దగ్గరా లేదు.

అందుకే పోయిన నెల కమిటీలో 'సంఘానికి సొంత చర్చా వేదిక పెడదామా, పెడితే ఏ సాఫ్ట్‌వేర్‌తో' అన్న మాట వచ్చినప్పుడు నేను దాన్ని పిల్లల ముచ్చట అనుకోలేదు. కొందరు నవ్వారు. వాట్సాప్ ఉంది కదా, ఇంకేం కావాలన్నారు.

వాట్సాప్ వద్దని నేను అనను. మోర్తాడ్‌లో కరెంటు పోయినా, నిజామాబాద్ యార్డులో పసుపు రేటు పడినా నిమిషంలో తెలుస్తుంది. దుబాయిలో ఉన్న కొడుకూ అదే గ్రూపులో ఉంటాడు. కానీ అది వాగులో నీళ్ల లాంటిది. దుంపకుళ్లు వచ్చిన పసుపు మడి ఫొటో ఒకరు పెడితే పది మంది అనుభవం చెబుతారు, మధ్యలో ఇరవై శుభోదయాలు వచ్చి పడతాయి. మరుసటి ఏడు ఇంకొకరు అదే ఫొటో పెడితే పాత జవాబు ఎవరికీ దొరకదు. ఫోన్ మారిస్తే అసలే దొరకదు.

2019 లోక్‌సభ ఎన్నికలు గుర్తున్నాయి కదా. పసుపు బోర్డు కావాలని, పసుపుకు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇవ్వాలని 178 మంది రైతులు నిజామాబాద్ నుంచి పోటీలో నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. ఆ పేర్లన్నీ పట్టడానికి ఎన్నికల సంఘం కొత్త రకం ఓటింగ్ యంత్రాలు తేవాల్సి వచ్చింది. అప్పట్లో వాట్సాప్ గ్రూపులో 256 మందికే చోటు. ఏ ఊరు ఎలా తీర్మానం చేసింది, 25,000 డిపాజిట్ ఎలా పోగైంది అన్నది మన సంఘం దగ్గర రాతలో లేదు. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. దాని వెనక ఊళ్లు పడ్డ తిప్పలు మాత్రం పాడైపోయిన ఫోన్లలో ఉండిపోయాయి.

మన ముందున్నవి చూద్దాం. టెలిగ్రామ్ గ్రూపులో రెండు లక్షల మంది పడతారు, కొత్తగా చేరినవారికి పాత మాటలూ కనిపించేలా పెట్టుకోవచ్చు, విషయాలను వేర్వేరు అరలుగా విడదీయవచ్చు. కానీ ఇల్లు వాళ్లది, మనం కిరాయిదార్లం. సొంతంగా పెట్టుకునేవాటిలో పీహెచ్‌పీబీబీ 2000 నాటి నుంచి ఉంది, డిస్కోర్స్ దాని తర్వాత వచ్చింది. రెండూ ఉచితమే, లోపలి రాత ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. సర్వర్ అద్దె మాత్రం కట్టాలి. నా ఓటు డిస్కోర్స్‌కు. ఫోన్‌లో తేలికగా తెరుచుకుంటుంది. రాసిన మాట దిద్దితే ముందు ఏముండేదో నమోదై ఉంటుంది. ఆ ఏజెంటు ఇక్కడ రాసి ఉంటే తుడిచి తప్పించుకునేవాడు కాదు.

చిక్కులు లేకపోలేదు. అందులో చేరడానికి ఈమెయిల్ కావాలి. మనలో చాలా మంది ఈమెయిల్ పాస్‌వర్డ్ ఫోన్ షాపు పిల్లాడికే తెలుసు! తెలుగు టైపు చేయలేని పెద్దవాళ్లున్నారు. గుజరాత్‌లో దీనికి ఒక దారి వెతికారు. 2009లో 'అవాజ్ ఒటలో' పేరుతో చిన్న రైతులు మామూలు ఫోన్ చేసి ప్రశ్నను గొంతుతోనే చెప్పే, ఇతరుల జవాబులు వినే ఏర్పాటు నడిపారు. తర్వాత దాని మీద జరిగిన పరిశీలనలో ఒక వింత తేలింది. అడిగితే శాస్త్రవేత్త మాటే మేలన్న రైతులు, నిజానికి తోటి రైతు చెప్పిన సలహా కోసమే ఎక్కువగా మళ్లీ ఫోన్ చేశారు. కాబట్టి మన దగ్గర వాయిస్ మెసేజి పంపితే దాన్ని తెలుగులో రాసి ఎక్కించడానికి ఊరికి ఒక చదువుకున్న పిల్లనో పిల్లాడినో పెట్టుకోవాలి. పసుపు ఏరే ఆడవాళ్ల మాట, కౌలు రైతుల మాట కూడా అలాగే చేరుతుంది. ఇప్పటి గ్రూపులో వాళ్లు లేరు. చాలా ఇళ్లలో ఫోన్ మొగవాళ్ల జేబులోనే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ కంటే నాకు ఎక్కువ భయం తాళాల గురించి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక్క కుర్రాడి చేతిలో పాస్‌వర్డ్ పెడితే అతనితోనే వేదికా పోతుంది. ముగ్గురి దగ్గర ఉండాలి, నెలకోసారి మొత్తం నకలు తీసి సంఘం ఆఫీసులో దాచాలి. ఎవరిని తీసేయాలన్నది ఒక్క అడ్మిన్ ఇష్టం కాకూడదు. మన జిల్లాలో గ్రామాభివృద్ధి కమిటీలు బడులకు, చెరువులకు చేసిన మేలు తెలుసు, ఎదురు మాట్లాడిన కులాలను వెలివేసి కేసుల దాకా పోయిన సంగతీ తెలుసు. సంఘాన్ని విమర్శించిన సభ్యుడి రాత కూడా అక్కడ ఉండాలి. తిట్లు, కులం పేరుతో దూషణ తీసేయాలి, ఎందుకు తీసేశామో రాయాలి.

మొదట మూడే అరలు చాలు: పసుపు, ఎర్రజొన్న ఒప్పందాలు, నీళ్లూ కరెంటూ. 2015లో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించి చెరుకు రైతులు అడిగితే నాలుగోది తెరుద్దాం.

వచ్చే నెల కమిటీకి వచ్చేటప్పుడు, గత మూడేళ్లలో విత్తన కంపెనీలతో రాసుకున్న ఎర్రజొన్న బాండు కాగితాలు ఉన్నవారు జిరాక్సు తెండి. బాండు రాయకుండా నోటి మాట మీదే విత్తినవారు ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పారో ఒక కాగితం మీద రాసుకుని రండి. ముందు ఎక్కించేది అవే.