పింక్ క్యాంపుకి ఎంతమంది వచ్చారో తెలుసు, ఎంతమంది భయపడి ఆగిపోయారో?

అక్టోబర్ వస్తే హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాకా ఆఫీసు లాబీల్లో గులాబీ రిబ్బన్లు కనిపిస్తాయి. ఒక డాక్టర్ వచ్చి రొమ్ము క్యాన్సర్ గురించి మాట్లాడతారు, గ్రూప్ ఫొటో దిగుతారు. తర్వాత హెచ్‌ఆర్ నుంచి వచ్చే మెయిల్‌లో హాజరు సంఖ్య ఉంటుంది. పరీక్ష దాకా ఎవరు వెళ్లారు, మిగతావాళ్లు ఎందుకు ఆగారు అన్నది ఉండదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతమే. అవగాహన లేదని సరిపెట్టుకుంటాం. ఐటీ కారిడార్‌లో ఆ మాట అంతగా అతకదు.

భయానికి కొలత ఉందా?

ఉంది. అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ నర్సింగ్ పరిశోధకురాలు విక్టోరియా ఛాంపియన్ బృందం 2004లో 8 ప్రశ్నల భయం స్కేలు ప్రచురించింది. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. క్యాన్సర్ అని తలచుకుంటే గుండె దడ వస్తుందా, దిగులుగా ఉంటుందా వంటివి అడుగుతారు. మరుసటి ఏడాది వచ్చిన నమ్మకం స్కేలులో 10 ప్రశ్నలు. అపాయింట్‌మెంట్ తీసుకోగలరా, అక్కడిదాకా వెళ్లగలరా, ఖర్చు పెట్టుకోగలరా, భయమేసినా పరీక్ష చేయించుకోగలరా... ఇలా అన్నీ పనికి సంబంధించినవే.

రెండూ విడిగా ఎందుకంటే, భయం ఒకరిని డాక్టర్ దగ్గరికి పంపుతుంది, ఇంకొకరిని ఇంట్లోనే కూర్చోబెడుతుంది. భయం ఎక్కువ, నమ్మకం తక్కువ ఉన్నామెకు మరో భయపెట్టే స్లైడ్ చూపిస్తే ఏం లాభం? ఆమెకు కావాల్సింది తేదీ, చోటు, సగం పూట సెలవు.

ఒకే టవర్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హౌస్‌కీపింగ్ అక్క ఈ ప్రశ్నలకు ఒకేలా జవాబివ్వరు. ఒకరికి ఇన్సూరెన్స్ ఉంది, తీరిక లేదు. రెండో ఆమెకు పూట పోతే కూలి పోతుంది. ఇద్దరి మార్కులూ కలిపి సగటు తీస్తే ఎవరి కష్టమూ కనబడదు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు ఇంకో చిక్కుంది. ఇంగ్లిష్‌లో నాలుగు రకాల బెదురుకి నాలుగు మాటలుంటే, మన అనువాదంలో అన్నీ ‘ఆందోళన’ అయిపోతాయి. ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగినట్టు! పైగా మనవాళ్ల అసలు భయం చాలాసార్లు ‘నలుగురికీ తెలిస్తే, పిల్ల సంబంధాలు ఏమవుతాయి’ అన్నది. దాన్ని ఆ 8 ప్రశ్నలు పట్టుకోవు.

మరి మీరేం చేయాలి?

40 లోపు, ప్రత్యేక ముప్పు లేనివారికి మామోగ్రామ్ మామూలుగా సూచించరు. ఆ వయసులో కణజాలం చిక్కగా ఉండి గడ్డ సరిగా కనబడకపోవచ్చు. అయితే గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఏ వయసైనా డాక్టర్‌కి చూపించండి. కేంద్రం 2016 మార్గదర్శకాల ప్రకారం 30–65 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేత్తో పరీక్షించాలి. ముంబయిలో టాటా మెమోరియల్ 20 ఏళ్లపాటు లక్షన్నర మంది మహిళలతో చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. రెండేళ్లకోసారి ఇలా చేత్తో పరీక్షించిన వారిలో, 50 దాటినవారి రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. చిన్న వయసువారిలో అంత తేడా కనబడలేదు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌ల సేవల్లో, మంగళవారాల్లో, ఈ స్క్రీనింగ్‌ కూడా చేర్చారు.

ఈసారి మీ ఆఫీసులో క్యాంపు పెడితే హెచ్‌ఆర్‌ని ఒకటి అడగండి: పేర్లు లేకుండా ముందొకసారి, మూడు నెలల తర్వాత మరోసారి ఈ ప్రశ్నలు ఇవ్వమని. హౌస్‌కీపింగ్, క్యాంటీన్ సిబ్బందికి తెలుగులో, హిందీలో చదివి వినిపించమని. భయం మార్కులు తగ్గకపోయినా పరీక్షకు వెళ్లినవారు పెరిగితే, ఆ క్యాంపు పనిచేసినట్టే.